శుద్ధప్రతి

జూన్ 12

పిన్నీ,

గది దొరికింది. నిజానికి రెండు గదులు. ముందు గది కిటికీ వీధివైపు ఉంటుంది, ఎదురుగా సైకిల్ రిపేరు కొట్టు. వెనక గదిలో వెలుతురు ఎక్కువ. నీ కుట్టుమిషను అక్కడ వేస్తే సాయంత్రం దాకా దీపం వెయ్యక్కర్లేదు. అడుగులు వేసి కొలిచాను కూడా. మిషను, కత్తిరించే బల్ల, ఒక మంచం పడతాయి.

సెప్టెంబరు ఒకటిన కొట్టు అప్పగించేస్తున్నావు కదా. ఆ తర్వాత ఇక్కడికి వచ్చెయ్. ఇంటావిడ "ఎంతమంది ఉంటారమ్మా?" అంటే ఇద్దరమని చెప్పేశాను. "అమ్మా?" అంది. "పిన్ని. నా నాలుగో ఏట అమ్మ పోయింది, అప్పటినుంచీ తనే" అన్నాను.

ఉద్యోగం గురించి రాయాలి. ఇది భాష చెప్పబోయే టీచర్లను తయారుచేసే కాలేజీ. ఇరవైరెండు మంది. ఎక్కువమంది నాకంటే పెద్దవాళ్ళు. ఒకే భాష ఇంటికో రకంగా, పనికో రకంగా ఎందుకుంటుంది, బడికొచ్చిన పిల్ల తన ఇంటి మాట మాట్లాడితే టీచరు ఏం చెయ్యాలి, ఇదీ నా పాఠం. మొదటి రోజు నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. ఏ ఇంటి మాటా తప్పు కాదు, ముందు వినాలి, దిద్దడం తర్వాత అని.

చివరి బెంచీలో ఒకాయన ఉన్నాడు. పదహారేళ్ళు బస్సు కండక్టరుగా చేసి, ఇప్పుడు టీచరు కావాలని వచ్చాడు. చెయ్యెత్తాడు.

"మేడం, చిన్న డౌటు. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారు?"

"మామూలుగానే."

"ఆ మామూలేదో ఒక ముక్క వినిపించండి మేడం."

సుద్దముక్క కింద పెట్టి మొదలుపెట్టాను. నోరు తెరిస్తే నేను పెరిగిన హాస్టల్లో సిస్టరు మాట్లాడినట్టే వచ్చింది. "ఇది పేపర్లో మాట మేడం, ఎవరింట్లోదీ కాదు" అన్నాడు. అందరూ నవ్వారు, మంచిగానే. ఆ రోజు గదికొచ్చాక గోడవైపు తిరిగి ప్రయత్నించాను. రాలేదు.

ఆగస్టులోగా ప్రతివాళ్ళూ తమ ఇంట్లో పెద్దవాళ్ళ మాటను ఉన్నదున్నట్టు ఒక పేజీ రాసి తేవాలి. నేనూ తేవాలి. నువ్వు మాట్లాడేది మాట్లాడినట్టే ఒక పేజీ రాసి పంపుతావా? కొట్లో ఆ రోజు ఏం జరిగిందో రాసినా చాలు.

నీ
పెద్ద టీచరు (ఇంకా ఎవరూ అలా అనడం లేదు)


జూన్ 27

చిరంజీవికి ఆశీస్సులు.

నీ లేఖ చేరినది. ఉద్యోగమున కుదురుకొనుచున్నావని తెలిసి మిక్కిలి సంతోషించితిని. నేను క్షేమముగా ఉన్నాను. కుట్టుపని యథావిధిగా సాగుచున్నది.

నీతో వచ్చి ఉండవలసినదిగా కోరినందుకు సంతోషము. అయితే నీ మామయ్య, అనగా మా అన్నగారు, కొట్టు అప్పగించిన పిమ్మట తమ ఇంట ఉండవలసినదని చాలకాలముగా పిలుచుచున్నారు. అదియే ఉచితమని తోచుచున్నది. నీవు స్వేచ్ఛగా నీ వృత్తియందు నిమగ్నము కావలెను.

నా సంభాషణ విషయమై వ్రాసితివి. అందు ప్రత్యేకత ఏమియు లేదు. మరియొకరిని చూచుకొనగలవు.

వేళకు భోజనము చేయుము.

ఆశీస్సులతో
నీ పిన్ని


జూలై 9

పిన్నీ,

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే ఒక్క తప్పు లేదు. నా విద్యార్థులకు చూపిస్తే సిగ్గుపడతారు.

మామయ్య పిలిచాడని నాకు తెలియదు. పోయిన సెలవుల్లో నువ్వు ఆ మాట అనలేదు. అసలు ఏ మాటా ఎక్కువగా అనలేదులే. నీ పక్కనున్న మందుల షాపు ఫోనుకి చేసినా "ఆ", "సరే", "ఉంటా" తప్ప పలకవు. నీకు రావాలని లేకపోతే సరే. వెనక గదిలో పుస్తకాలు సర్దుకుంటాను. ఇంటావిడకు ఒక్కదాన్నే ఉంటానని చెబుతాను.

నిన్న మా వాళ్ళను పక్క బడికి తీసుకెళ్ళాను. అక్కడ పాఠాలు చెప్పి చూపించాలి, నేను వెనక కూర్చుని చూడాలి. మావాళ్ళలో ఒకమ్మాయి చాలా శ్రద్ధగలది. మూడో తరగతికి చెబుతోంది. మధ్యలో ఒక పిల్ల లేచి ఏదో అనబోయింది. ఈమె ఆపి, "అలా కాదు, పూర్తి వాక్యంలో చెప్పు" అంది. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. "ఇంట్లో మాట కాదు, బడి మాటలో" అంది. మూడోసారి కూడా ఆపింది. పిల్ల కూర్చుంది. గంట కొట్టేదాకా మళ్ళీ తలెత్తలేదు.

బయటికొచ్చాక ఆమెకు అరగంట చెప్పాను, దిద్దడానికి సమయం సందర్భం ఉంటాయని. నా పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నోట్సులో రాసుకున్నాను.

ఆ పేజీ సంగతి మర్చిపోకు. నాకు ఇంకెవరూ లేరు అడగడానికి. ఇది ఉద్యోగానికి కావాలి, నా కోసం కాదు.

నీ
అమ్మాయి


జూలై 24

బొత్తాం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. కోపంగా రాశావో ఊరికే రాశావో తెలీలేదు. నీ రాత ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుందే, ఏ జేబులో ఏముందో పైనుంచి తెలీదు.

(ఎర్రగీత. అంచున వేరే చేతిరాత: ఉపమానము వలదు.)

కొట్లో ఏం జరిగిందో రాయమన్నావుగా. నిన్న ఒకావిడ వచ్చి జాకెట్టు బిగుతైందని గొడవ. "నా ఒళ్ళు అంతే ఉంది, నీ టేపే కురచైంది" అంటుంది. "అవునండీ, మొన్న వానలో తడిసింది, బట్టతో పాటు అదీ ముడుచుకుపోయింది" అన్నా. ఆవిడ నమ్మేసింది! రెండు కుట్లు విప్పి ఇచ్చా. పోతూ పోతూ కొత్త టేపు కొనుక్కో అని సలహా కూడా ఇచ్చి పోయింది.

(ఎర్రగీత. అంచున: విషయాంతరము.)

ఆ పిల్ల సంగతి రాశావు. మూడుసార్లు దిద్దితే కూర్చుండిపోయిందని. ఇంతకీ అది ఏం చెప్పడానికి లేచిందో మీలో ఒక్కరైనా అడిగారా?

(ఎర్రగీత. అంచున: సందర్భము లేదు.)

రావాలని లేకేం. నీ వెనక గదిని కళ్ళతో చూడకుండానే మిషను ఎటు తిప్పి వెయ్యాలో కూడా అనుకున్నా. కానీ వస్తే ఏం చెయ్యను? మీ కాలేజీ వాళ్ళు ఇంటికొస్తారు. నేను నోరు తెరిస్తే నీ మొహం ఎలా పెడతావో చూసుకుంటూ కూర్చోవాలి. సెలవుల్లో చూడట్లేదూ? నేనొక మాటంటే నీ కనుబొమ్మ ఇంత లేస్తుంది. నువ్వేమీ అనవు. అనకపోయినా వినిపిస్తుందే. అందుకే నీ ముందు ఆచితూచి మాట్లాడతా. నెల రోజులంటే ఆపుకుంటా. ఉన్నన్నాళ్ళూ ఆపుకోవాలంటే నా వల్ల కాదమ్మా. అన్నయ్య పిలవలేదు. నేనే వస్తానని అడిగా.

(పేరా మొత్తం మీద ఎర్రగీత. అంచున: తీసివేయవలెను. బదులుగా "అన్నగారి ఆహ్వానమును కాదనజాలకున్నాను" అని చాలును. శుద్ధప్రతి సాయంత్రము ఇచ్చెదను.)

వేళకి తిను. వంట చేసుకోడానికి బద్ధకమై పుస్తకం ముందేసుక్కూర్చోకు.

పిన్ని


జూలై 31

పిన్నీ, పిన్నీ, పిన్నీ,

కవరు విప్పి ముందు ఎవరి ఉత్తరమో అనుకున్నాను. ఆ చేతిరాత నాకు తెలియదు. నువ్వు చీటీల మీద కొలతలు రాయడమే చూశాను, అంకెలే. "బొత్తాం" అన్న మాట చూశాక అర్థమైంది. ఎన్నేళ్ళైంది నువ్వు నన్ను అలా పిలిచి! మరి ఇన్నాళ్ళూ వచ్చిన ఉత్తరాలు ఎవరివి? ఈ ఎర్ర సిరా ఎవరిది? మేడమీద ఉండే ఆయనా, ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడే? ఎంత ధైర్యం ఆయనకి! మంచివన్నీ కొట్టేశాడు.

ఇది పొరపాటున వచ్చిందని తెలుసు. వచ్చినందుకు ఎంత సంతోషమో నువ్వు ఊహించలేవు. మర్నాడే క్లాసులో చదివాను. మొత్తం. ముందు నువ్వు రాసింది, తర్వాత ఎర్ర సిరా మార్చింది. రెండూ బోర్డుకు చెరోవైపు రాయించాను. టేపు కురచైన ముక్క దగ్గర నవ్వారు పిన్నీ, ఎంత బాగా నవ్వారో! కనుబొమ్మ దగ్గర కూడా నవ్వారు, అందరూ నా మొహంకేసి చూసి. ప్రిన్సిపాల్ మేడం తలుపు దగ్గర నిలబడి విని, ఇంత మంచి నమూనా తను చూడలేదంది. కాలేజీ పత్రికలో వేద్దామంది.

నేనిక కనుబొమ్మ ఎత్తను. కావాలంటే నుదుటికి పట్టీ కట్టుకుంటాను. గదిలో పుస్తకాలు తీసేశాను. మామయ్యకు రానని రాసెయ్. వస్తావు కదూ?

బొత్తాం


ఆగస్టు 12

చిరంజీవికి ఆశీస్సులు.

నీ లేఖ చేరినది. గత మాసమున పంపబడిన కాగితము పొరపాటున చేరినట్టిది. దానిని దయచేసి తిప్పి పంపగలవు. ఎందును ప్రకటింపవలదు.

కొట్టు ఒకటవ తేదీన అప్పగింపబడును. ఆ సాయంత్రమే అన్నగారి ఇంటికి ప్రయాణము. ఆ చిరునామా నీ వద్ద కలదు.

ఆశీస్సులతో
నీ పిన్ని

(కింద, పెన్సిల్‌తో, వేరే చేతిరాత)

నలుగురిలో చదివావా. నవ్వారా. ఆ పిల్లనడిగావా?


ఆగస్టు 19

పిన్నీ,

కాగితం ఇందులో పెట్టాను. నకలు ఉంచుకోలేదు. పత్రికకు ఇవ్వలేదు. బోర్డు నేనే తుడిచాను.

నీ ఉత్తరంలో నువ్వు నాకొక సంగతి చెప్పావు, నా దగ్గర నోరు కట్టేసుకుని బతకలేనని. నేను దాన్ని పాఠం చేసుకున్నాను. వాళ్ళు నవ్వింది ఇష్టంతోనే. అయినా నువ్వు అక్కడ లేవు, ఆ నవ్వు ఎలాంటిదో చూడటానికి. కండక్టరు గారు ఒక్కరే నవ్వలేదు. ఆ సంగతి అప్పుడు నీకు రాయలేదు. క్లాసయ్యాక ఆగి అన్నాడు, "మేడం, బస్సులో జనం పక్కవాళ్ళతో ఏవేవో చెప్పుకుంటారు. అన్నీ మన చెవిన పడతాయి. దిగేటప్పుడు అక్కడే వదిలేసి దిగాలి." నాకు కోపమొచ్చింది. మర్యాద తెలియనివాడు అనుకున్నాను.

ఆ పిల్లను అడగలేదు. నువ్వు రెండోసారి అడిగాకే వెళ్ళాను. ఆ రోజు ఏం చెప్పబోయావని అడిగితే ముందు నా మొహంకేసి చూసింది. నేను మళ్ళీ దిద్దుతాననుకుందేమో. పక్కన కూర్చున్నాను, అంతే. చివరికి చెప్పింది. బెంచీకి మేకు పైకి లేచిందట. గౌను వెనక జానెడు చిరిగిందట. అది చెప్పి ఇంటికి వెళ్ళొస్తానని అడుగుదామనుకుంది. అడగడం కుదరక, సాయంత్రం దాకా చెయ్యి వెనక పెట్టి పట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఆ పిల్ల ఒక చెయ్యి వెనకే ఉంచుకుని రాసిందని నా నోట్సులో లేదు. వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నది నేనే. మేకు ఇంకా అలాగే ఉంది. బంట్రోతును పిలిచి కొట్టించాను. గౌను అడిగి తీసుకుని కుట్టాను. నా కుట్టు నీకు తెలుసు.

నేను నీకు ఉత్తరాలు రాయడం ఎలా నేర్చుకున్నానో ఎప్పుడూ చెప్పలేదు. ఆదివారం హాలులో అందరం కూర్చునేవాళ్ళం. సిస్టరు బోర్డు మీద ఉత్తరం రాసేది. "నేను ఇక్కడ క్షేమము. మీరు అక్కడ క్షేమమని తలచెదను. నేను బాగుగా చదువుచున్నాను." అది చూసి రాయాలి. మార్చడానికి లేదు. నలభైమంది నలభై ఇళ్ళకు ఒకే ఉత్తరం. ఏడవాలనిపించిన వారం కూడా నేను బాగుగా చదువుచున్నాను అనే రాశాను. అలవాటైపోయింది. ఇప్పుడు బోర్డు లేకపోయినా చూసే రాస్తున్నట్టుంటుంది.

నువ్వు ఆయన దగ్గరికి ఎందుకు వెళ్ళావో చెప్పాలనిపిస్తే చెప్పు. లేకపోతే వద్దు. రమ్మని ఇక అడగను. ఇంటావిడకు మాత్రం ఒక్కదాన్నే అని ఇంకా చెప్పలేదు.

(ఇక్కడ ఒక ముక్క రాసి, చదవరాకుండా కొట్టేసి ఉంది.)

నీ
బొత్తాం


సెప్టెంబరు 14

బొత్తాం,

అన్నయ్య ఇంటికి వచ్చి పదమూడు రోజులైంది. ఇక్కడ మేడా లేదు, మేడమీద ప్రూఫులాయనా లేడు. కాబట్టి ఈ ఉత్తరం ఇలాగే ఉంటుంది, భరించు.

ముందు ఆయన్ని ఏమీ అనకు. తప్పు కాగితం కవర్లో పెట్టింది నేను. నా చిత్తూ, తన శుద్ధప్రతీ రెండూ ఒకే మడత మడిచి ఇచ్చాడు. నా కళ్ళజోడు నుదుటి మీదే ఉంది, దించుకోలేదు. తర్వాత శుద్ధప్రతి నా దగ్గరే ఉండిపోయిందని చూసి పైకెళ్ళి ఆయనకి చెప్పా. ఆయనైతే నాలుగు రోజులు మెట్లు దిగలేదు పాపం. నేను వచ్చేసేరోజు సంచీ మోసుకొచ్చి బస్సెక్కించాడు. "అమ్మా, నేను కొట్టేసినవి మంచి వాక్యాలేనమ్మా, అచ్చుకి పనికిరావు అంతే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మన ఉత్తరాలు ఎవరచ్చేస్తారే?

ఆయన దగ్గరికి ఎందుకెళ్ళానని అడిగావు. చెప్పకూడదనే అనుకున్నా, నీకు గుర్తుండి ఉండదు. నువ్వు హాస్టలుకెళ్ళిన మొదటి ఏడాది. పదేళ్ళు కూడా నిండలేదు. నీకు జ్వరమని కబురొచ్చింది. రావడానికి లేదన్నారు. ఉత్తరం రాశా, నేనే, రెండువైపులా. తడిగుడ్డ వేస్తున్నారా, గంజి తాగుతున్నావా, ఒంటరిగా పడుకోబెట్టారా, అన్నీ అడిగా. వారం తిరక్కుండా అదే కాగితం తిరిగొచ్చింది. నిండా ఎర్ర పెన్సిలు సున్నాలు. ముప్ఫై ఒకటి. కింద సిస్టరు సంతకం. పక్కన నీ చీటీ. "పిన్నీ, ఇంటినుంచి వచ్చిన ఉత్తరంలో తప్పులు పట్టమన్నారు. నేను అన్నీ పట్టాను. క్లాసులో ఫస్టు."

సంతోషించానే, అబద్ధం చెప్పను. నా పిల్ల ఫస్టు వచ్చిందని ముగ్గురికి చెప్పా. కానీ జ్వరం తగ్గిందో లేదో అందులో ఎక్కడా లేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూశా. అది పట్టుకునే పైకెళ్ళా. ఆయన చూసి, "పిల్ల బాగా పట్టిందమ్మా. నేను రాసిస్తా, ఇక ఒక్కటి కూడా దొరకదు" అన్నాడు. పద్నాలుగేళ్ళు మాట నిలబెట్టుకున్నాడు. నిన్ను నొప్పించడానికి రాయట్లేదు. చిన్నదానివి, చెయ్యమన్నది చేశావు. పెద్దదాన్ని, నేనైనా మళ్ళీ రాసి అడగాల్సింది జ్వరం తగ్గిందా అని. అడగలేదు. రాస్తే మళ్ళీ సున్నాలు చుట్టి పంపుతావేమోనని.

అన్నయ్యా వదినా మంచివాళ్ళే. వేళకి పిలుస్తారు, పెడతారు. పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటారు. నేనేం మాట్లాడినా ఎవరి కనుబొమ్మా లేవదు. వింటే కదా లేవడానికి. మొన్న వదినకి ఆ టేపు సంగతే చెప్పా. "ఆ, అలాగా" అని టీవీ సౌండు పెంచింది. ఇన్నాళ్ళూ దిద్దే మనిషి ఒకడుండేవాడు, దిద్దడానికైనా ప్రతి ముక్కా చదివేవాడు.

ఆ పిల్ల గౌను కుట్టానన్నావు. పైనుంచి కుట్టి ఉంటావు, నాకు తెలుసు. అలా కుడితే మళ్ళీ అక్కడే చిరుగుతుంది. లోపలినుంచి చిన్న ముక్క వేసి కుట్టాలి. నేనొచ్చి చూస్తా, విప్పకు.

ఇరవైరెండున పొద్దున్న బండికి బయల్దేరతా. సాయంత్రానికి దిగుతా. మిషను తేవడం లేదు, కత్తెరలు తెస్తున్నా. ఉంటానా పోతానా ఇప్పుడే అడక్కు, నాకే తెలీదు. మొదటి నాలుగు రోజులు నేనేమీ మాట్లాడకపోవచ్చు. మాట్లాడించకు. మీ కాలేజీ వాళ్ళను పిలవకు. ఆ కండక్టరు మాత్రం రావచ్చు.

ఇంకొకటి. నీ పోయిన ఉత్తరం చివర, సంతకానికి పైన, ఒక ముక్క రాసి కొట్టేశావు. గట్టిగానే కొట్టావు. కిటికీ దగ్గర వెలుగుకి పట్టి చూశా. "భయమేస్తోంది పిన్నీ" అని ఉంది. దాన్నెందుకు కొట్టేశావే? నాలుగు ఉత్తరాల్లో నువ్వు నాతో మాట్లాడింది అదొక్కటే.

నాకూ వేస్తోంది.

పిన్ని